పైకెళ్తున్న నాణేన్ని ఎవరు తోస్తున్నారు?

ఒక నాణేన్ని నిటారుగా పైకి ఎగరేశారు. అది చెయ్యి దాటింది, ఇంకా పైకి పోతూనే ఉంది. గాలి సంగతి వదిలేయండి. సరిగ్గా ఆ క్షణాన నాణెం మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో బాణాలు గీసి చూపించండి.

పదకొండు, పన్నెండు తరగతుల ఫిజిక్స్ నిజంగా అంత కష్టమా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకుండా ముందు ఈ ప్రశ్న చేతిలో పెడతాను. ఇందులో లెక్క లేదు, ఫార్ములా లేదు, అర నిమిషం పని. అయినా కాగితం వెనక్కి వచ్చేసరికి ఎక్కువమంది రెండు బాణాలు గీసి ఉంటారు. కిందికి గురుత్వాకర్షణ, పైకి "విసిరిన బలం". నాణెం పైకే పోతోంది కదా అని పై బాణాన్ని కాస్త పొడుగ్గా గీసేవాళ్లూ ఉంటారు. సరైన బొమ్మలో ఉండాల్సింది ఒక్క బాణమే, అదీ కిందికి. చెయ్యి వదిలిన మరుక్షణం చేతికీ నాణేనికీ లంకె తెగిపోయింది. నాణెం తనతో పట్టుకెళ్లింది వేగాన్నే, బలాన్ని కాదు.

తప్పు గీసినవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. 1982లో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఇదే నాణెం ప్రశ్నను అమెరికాలో ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చాడు. చాలామంది తప్పే గీశారు. మెకానిక్స్ (కదలికలు, బలాల పాఠం) కోర్సు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమందిది అదే తీరు. ఇంకా వెనక్కి పోతే, విసిరిన వస్తువులో ఏదో ఊపు నిండుతుంది, అది అయిపోయేదాకా వస్తువు కదులుతుంది అని ఆరో శతాబ్దంలో ఫిలోపోనస్ అనే తత్వవేత్త అన్నాడు. పద్నాలుగో శతాబ్దంలో బురిడాన్ అనే ఫ్రెంచి తత్వవేత్త దాన్ని ఒక పద్ధతైన సిద్ధాంతంగా మలిచాడు. అరిస్టాటిల్ కాలం నుంచి 1687లో న్యూటన్ సూత్రాలు అచ్చయ్యేదాకా లెక్క వేస్తే, పెద్ద పెద్ద బుర్రలు ఈ ఒక్క చిక్కు మీద సుమారు రెండువేల ఏళ్లు కూర్చున్నాయి. మనం దాన్ని పదహారేళ్ల పిల్లలకు రెండు వారాల్లో చెప్పేసి, "అర్థమైందా?" అని అడుగుతాం. వాళ్లు మొహమాటానికి తల ఊపుతారు.

నా ఉద్దేశంలో ఫిజిక్స్ కష్టానికి మూలం ఇక్కడుంది. కెమిస్ట్రీలో మోల్ అనే కొలత గురించి ఎవరికీ ముందస్తు అభిప్రాయం ఉండదు. ఖాళీ పలక మీద రాసినట్టు రాసుకోవచ్చు. ఫిజిక్స్ క్లాసుకి మాత్రం పదిహేనేళ్లపాటు నడిచి, పరిగెత్తి, సైకిలు తొక్కి, బరువులు మోసి సంపాదించుకున్న సొంత ఫిజిక్స్ ఒకటి వెంటబెట్టుకుని వస్తాం. తొక్కడం ఆపితే సైకిలు ఆగిపోతుంది, కాబట్టి కదలాలంటే బలం కావాలి. ఇది ఒంటికి తెలిసిన సత్యం. రాపిడి అనే కనబడని బలం ఒకటి వెనక్కి లాగుతోందని ఒంటికి తెలియదు. ఈ రెండు ఫిజిక్సులూ తలలో పక్కపక్కనే కాపురం ఉంటాయి. పరీక్షలో ఫార్ములా అడిగితే బళ్లో నేర్చుకున్నది పలుకుతుంది, మామూలు మాటల్లో అడిగితే పాతది పలుకుతుంది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ఎరిక్ మజూర్ తన క్లాసుకి అచ్చంగా మాటల ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టాడు. ఒక విద్యార్థిని లేచి, వీటికి మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగింది. అంత నిజాయితీ ఉన్న ప్రశ్న ఫిజిక్స్ క్లాసుల్లో అరుదు.

ఇప్పుడు ఒక లెక్కను దగ్గరగా చూద్దాం. 60 కిలోల మనిషి లిఫ్టులో, బరువు తూచే మెషీన్ మీద నిలబడ్డాడు. లిఫ్టు పైకి వెళ్తోంది, పై అంతస్తు దగ్గరపడుతోంది, ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు 2 మీటర్లు చొప్పున తగ్గుతోంది. మెషీన్ ఎంత చూపిస్తుంది? జీ (గురుత్వాకర్షణ వల్ల వచ్చే త్వరణం, అంటే వేగం మారే రేటు) విలువ 10 అనుకోండి.

ఈ ప్రశ్న ఇచ్చినప్పుడు పిల్లల పెన్నుల వైపు చూస్తుంటాను. ప్రశ్న చదవడం పూర్తి కాకముందే "60 × 12 = 720" అని పడిపోతుంది. ఎందుకని అడిగితే "లిఫ్టు పైకి వెళ్తే జీ ప్లస్ ఏ, కిందికి వెళ్తే జీ మైనస్ ఏ" అంటారు. ఎక్కడో నోట్సులో డబ్బా కట్టి రాసుకున్న మాట అది (ఏ అంటే లిఫ్టు త్వరణం). ఆ డబ్బాలో ఒక తప్పు దాక్కుని ఉంది. లిఫ్టు ఎటు వెళ్తోందన్నది కాదు, దాని వేగం ఎటువైపు మారుతోందన్నది ముఖ్యం. పైకి వెళ్తూ నెమ్మదిస్తోందంటే త్వరణం కిందికి ఉన్నట్టు. మనిషిని ఒక చుక్కగా గీయండి. భూమి లాగే బలం 600 న్యూటన్లు కిందికి. మెషీన్ తోసే బలం పైకి, దాన్ని ఎన్ అందాం. నికర బలం కిందికే ఉండాలి, అది 60 × 2 = 120. అంటే 600 – ఎన్ = 120, కాబట్టి ఎన్ 480. మెషీన్ 48 కిలోలు చూపిస్తుంది. లిఫ్టు ఆగబోయే ముందు కడుపులో తేలిపోయినట్టుండేది అందుకే. అదే లిఫ్టు స్థిరమైన వేగంతో పైకి పోతున్నంతసేపూ మెషీన్ మీద అరవై అరవైగానే ఉంటుంది, ఎంత వేగంగా పోయినా సరే.

ఈ లెక్కలో గణితం ఎంత? కాస్త గుణకారం, ఒక తీసివేత. కష్టమంతా ప్రశ్న చదవడానికీ మొదటి సమీకరణం రాయడానికీ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. కథను బొమ్మగా మార్చడం, బొమ్మను గుర్తులుగా మార్చడం. చిన్న తరగతుల్లో ఈ పని పెద్దగా ఉండదు. అక్కడ రెండు విలువలు ఇస్తారు, మూడోది అడుగుతారు. సరిపోయే ఫార్ములా వెతికి అంకెలు పెడితే మార్కులు పడతాయి. ఆ అలవాటుతోనే పదకొండో తరగతిలోకి వచ్చిన పిల్లలు, నిన్నటిదాకా తొంభైలు తెచ్చుకున్నవాళ్లు, మొదటి పరీక్షలో నలభై చూసి బెంబేలెత్తుతారు. తెలివి తగ్గలేదు, ఆట మారింది. ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

గణితం అసలు అడ్డం రాదని కాదు. చాలాచోట్ల ఫిజిక్స్ మాస్టారు మొదటి నెలలోనే డిఫరెన్షియేషన్ వాడేస్తారు, మ్యాథ్స్ క్లాసులో అది ఎప్పుడో తర్వాత వస్తుంది. అయితే నిజంగా కావాల్సిన గణితం చాలామంది భయపడేంత లేదు. ఒక వెక్టర్‌ను (దిశ కూడా ఉన్న రాశిని) రెండు దిశలుగా విడగొట్టడం, గ్రాఫ్ వాలు చెప్పేదేమిటి, దాని కింద వైశాల్యం చెప్పేదేమిటి, ఒకటి రెండింతలైతే ఇంకొకటి ఎన్నింతలవుతుంది. ఈ నాలుగూ గట్టిగా పట్టుకుంటే మొదటి ఏడాదిలో చాలా దూరం పోవచ్చు. చివరిదాన్ని ఎవరూ విడిగా నేర్పరు గానీ, బండి వేగం రెండింతలైతే అదే బ్రేకు మీద ఆగడానికి నాలుగింతల దూరం పడుతుందని లెక్క చేయకుండా చెప్పగలిగినవాడికి గతిశక్తి అర్థమైనట్టే.

ఇంకో మాట. అన్ని పాఠాలూ ఒకే రకంగా కష్టం కాదు. మెకానిక్స్‌లో తప్పుడు అనుభవం అడ్డొస్తుంది. విద్యుత్తుకి వచ్చేసరికి ఒంటికి అనుభవమే ఉండదు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. వరసగా కలిపిన రెండు బల్బుల్లో మొదటిది కరెంటులో కొంత "తినేసి" మిగిలింది రెండోదానికి పంపిస్తుందని చాలామంది లోలోపల నమ్ముతారు. నిజానికి రెండింట్లోనూ కరెంటు ఒకటే. ఖర్చయ్యేది శక్తి. మామూలు రాగి తీగలో ఎలక్ట్రాన్ల సగటు నడక సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? తీగ పొడుగునా ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి, నీళ్లు నిండిన గొట్టంలా. ఒక కొసన తోస్తే రెండో కొసన అప్పుడే కదులుతుంది. ఇలాంటి పోలిక ఒకటి లేకుండా విద్యుత్ క్షేత్రం, పొటెన్షియల్ లాంటి మాటలు గాల్లో తేలుతూనే ఉంటాయి. అలల పాఠంలో ఇబ్బంది వేరు. ఒక క్షణాన తాడంతా ఎలా ఉందో చూపే ఫొటో, తాడు మీద ఒక్క చుక్క కాలంతో పాటు ఎలా ఊగిందో చూపే గ్రాఫ్, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అడ్డగీత మీద ఏం రాసి ఉందో చూడనివాడు మునిగిపోతాడు. కాంతి పాఠంలో ప్లస్, మైనస్ గుర్తులు ప్రాణం తీస్తాయి. చిత్రంగా, అందరూ భయపడే ఆధునిక ఫిజిక్స్ లెక్కల వరకూ తేలిక. నమ్మడమే కష్టం.

సరే, ఎలా చదవాలి? అందరూ చెప్పే సలహా ఒకటుంది: ఎన్ని ఎక్కువ లెక్కలు చేస్తే అంత మంచిది. దీని మీద కొరియాలో కిమ్, పాక్ అనే ఇద్దరు చేసిన పరిశీలన 2002లో అచ్చయింది. వాళ్లు చూసిన విద్యార్థులు ఒక్కొక్కరు సగటున 1,500 దాకా ఫిజిక్స్ లెక్కలు చేసి యూనివర్సిటీలో అడుగుపెట్టినవాళ్లు. అయినా మెకానిక్స్‌లో మౌలికమైన అపోహలు అలాగే ఉన్నాయి. చేసిన లెక్కల సంఖ్యకీ అవగాహనకీ పెద్దగా పొంతన కనబడలేదు. లెక్కలు మానేయమని దీని అర్థం కాదు. పెన్ను కదిలినంతసేపూ బుర్ర కదిలిందని అనుకోవద్దని.

నేనైతే లెక్క ముందుకు రాగానే అంకెల జోలికి వెళ్లవద్దంటాను. ముందు బొమ్మ. ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో దాన్ని ఒక్కదాన్నే విడిగా తీసి గీయాలి. దానికి తగులుతున్నవి ఏమిటి, ఒక్కొక్కటీ ఎటు తోస్తోంది, ఎటు లాగుతోంది? ప్రతి బాణం గురించీ "ఇది ఎవరు ప్రయోగిస్తున్న బలం?" అని అడగాలి. జవాబు లేని బాణం బొమ్మలో ఉండకూడదు. నాణెం బొమ్మలో పై బాణం ఈ ఒక్క ప్రశ్నకే రాలిపోతుంది. ఆ తర్వాత జవాబు పెరుగుతుందా, తగ్గుతుందా, ఇంచుమించు ఎంతుంటుంది అని ఒక ఊహ రాసుకోవాలి, పెన్నుతో, చెరిపేయడానికి వీల్లేకుండా. ఊహ తప్పితే మంచిదే. తలలో ఉన్న పాత ఫిజిక్స్ దొరికిపోయేది అప్పుడే. ఊహించకుండా లెక్క చేస్తే అది దొరక్కుండా తప్పించుకుంటుంది.

నా సంగతే చెబుతాను. చదువుకునే రోజుల్లో నాకు నార్మల్ ఫోర్స్ (ఆనుకున్న తలం లంబంగా తోసే బలం) అంటే ఎప్పుడూ ఎంజీనే, అంటే వస్తువు బరువే. బల్ల మీద పుస్తకం లెక్కలో అది సరిపోయింది, ఇక అన్నిటికీ అదే. వాలు బల్ల మీద ఎంజీ కాస్ తీటా (తీటా అంటే వాలు కోణం) అని రాయడం బట్టీ పట్టాను గానీ, ఎందుకో తెలియదు. పెట్టెను పైనుంచి ఏటవాలుగా తోస్తే నార్మల్ పెరుగుతుందని, తాడుతో పైకి ఏటవాలుగా లాగితే తగ్గుతుందని నాకు తెలిసేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో రాపిడి మీద చేసిన లెక్కల్లో సగం అదృష్టం కొద్దీ సరిపోయినవే.

ఫార్ములాల విషయంలో చాలామంది కుడిపక్క ఏముందో గుర్తుపెట్టుకుంటారు, ఎప్పుడు వాడకూడదో గుర్తుపెట్టుకోరు. వీ ఈక్వల్ టు యూ ప్లస్ ఏటీ (చివరి వేగం = మొదటి వేగం + త్వరణం × కాలం) త్వరణం మారనప్పుడే పనిచేస్తుంది. స్ప్రింగుకి కట్టిన బరువు మీద దాన్ని ప్రయోగించి, జవాబు కీతో ఎందుకు కలవలేదా అని జుట్టు పీక్కునేవాళ్లను ఎంతమందిని చూశానో. ఫార్ములాల కాగితం రాసుకుంటే, ప్రతిదాని పక్కనా "ఎప్పుడు చెల్లదు" అని ఒక గడి పెట్టుకోండి. ఆ గడి నింపడానికే పాఠం మళ్లీ చదవాల్సి వస్తుంది. లాభం అదే.

పుస్తకంలో చేసి చూపించిన లెక్కల్ని కథలా చదివేయడం పెద్ద ఉచ్చు. ప్రతి వరుసా సబబుగానే అనిపిస్తుంది, అర్థమైపోయిందనిపిస్తుంది. జవాబును కాగితంతో మూసి, మొదటి వరుస మీరే రాసి, తర్వాత కాగితం ఒక్క వరుస జరిపి పోల్చుకోండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే ఆగండి. వీడియోలదీ ఇదే గొడవ. బాగా చెప్పేవాళ్లు చెబుతుంటే అంతా నున్నగా సాగిపోతుంది. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. క్లాసులోనే సొంతంగా లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్ష పెడితే ఎక్కువ వచ్చింది రెండోవాళ్లకే. కాబట్టి చదివేటప్పుడు హాయిగా అనిపిస్తే కాస్త అనుమానించండి.

లెక్క రాకపోతే ఎంతసేపు కూర్చోవాలి? పావుగంటో, ఇరవై నిమిషాలో. అంతకంటే మొండిగా కూర్చుంటే మనసు విరిగిపోతుంది, రెండు నిమిషాలకే జవాబు తిరగేస్తే ఆ లెక్క వృథా. జవాబు చూసినా పూర్తిగా చూడొద్దు, చిక్కు వీడేంత వరకే. మర్నాడు తెల్లకాగితం మీద, ఏదీ చూడకుండా, అదే లెక్క మళ్లీ మొదటి నుంచి. మర్నాడు రాకపోతే నిన్న వచ్చింది మనకు కాదు, జవాబు రాసినవాడికి.

పాఠం చివర ఇచ్చే లెక్కలు ఒక విధంగా మోసం చేస్తాయి. శక్తి పాఠం చివర ఉన్న లెక్క శక్తితోనే చేయాలని ముందే తెలిసిపోతుంది. పరీక్షలో ఆ సాయం ఉండదు. 1981లో చీ, ఫెల్టోవిచ్, గ్లేజర్ అనే పరిశోధకులు కొన్ని ఫిజిక్స్ లెక్కలిచ్చి, ఒకలాంటివి ఒక కుప్పగా వేయమన్నారు. కొత్తవాళ్లు వాలు బల్ల లెక్కలన్నీ ఒకచోట, స్ప్రింగు లెక్కలన్నీ ఒకచోట వేశారు. ఆరితేరినవాళ్లు శక్తి నిత్యత్వంతో (మొత్తం శక్తి మారదన్న సూత్రంతో) తేలేవి ఒక కుప్ప, న్యూటన్ రెండో సూత్రంతో తేలేవి ఒక కుప్ప వేశారు. ఒకరు బల్లను చూశారు, ఇంకొకరు బల్ల వెనక ఉన్న సూత్రాన్ని. ఈ చూపు అలవడాలంటే వారానికోసారి నాలుగైదు పాఠాల లెక్కలు కలగాపులగం చేసి ముందేసుకోండి. వాటిని చేయక్కర్లేదు. ఒక్కొక్కదానికి "ఇది ఏ సూత్రంతో తేలుతుంది, ఎందుకు" అని ఒక వాక్యం రాస్తే చాలు. అరగంటలో పదిహేను లెక్కలు చూడొచ్చు. ఇంతకంటే చవకైన అభ్యాసం నాకు తెలియదు.

తప్పులకు ఒక నోటుబుక్కు పెట్టుకోమని అందరూ అంటారు. అందులో "సిల్లీ మిస్టేక్" అన్న మాట మాత్రం రాయకండి, నాకు ఆ మాట అంటే చిరాకు. "వేగం దిశ చూసి త్వరణం దిశ అనుకున్నాను" అని రాస్తే అది పనికొచ్చే వాక్యం. నెల తర్వాత తిరగేస్తే, వంద తప్పులు చేశాననుకున్నవాడు నాలుగే తప్పుల్ని పాతికేసి సార్లు చేశాడని తేలుతుంది.

జవాబు వచ్చాక పుస్తకం మూసేయడం మరో నష్టం. ముందు యూనిట్లు సరిపోయాయో లేదో చూడాలి. తర్వాత చివరి కొసలకు లాగి చూడాలి. వాలు బల్ల మీద నార్మల్ ఎంజీ సైన్ తీటానా, కాస్ తీటానా అని సందేహమొస్తే బల్లను పూర్తిగా చదును చేయండి. తీటా సున్నా అయితే నార్మల్ ఎంజీ కావాలి. సైన్ సున్నా ఇస్తుంది, కాబట్టి అది కాదు. అయిదు సెకన్ల పని, బట్టీ అవసరం లేదు.

ఒక్కోసారి జవాబే ఇంకో కథ చెబుతుంది. 25 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరారు. నేల మీద ఎప్పుడు పడుతుంది? చాలామంది దీన్ని రెండు ముక్కలు చేస్తారు. పైకి 2 సెకన్లు, అక్కడికి ఇంకో 20 మీటర్లు ఎక్కి మొత్తం ఎత్తు 45, అక్కణ్నుంచి కిందికి 3 సెకన్లు, మొత్తం 5. తప్పేం లేదు. కానీ కాలాన్ని టీ అని, పైదిక్కును ప్లస్ అనుకుని ఒకేసారి రాస్తే: –25 = 20టీ – 5టీ². సర్దితే టీ² – 4టీ – 5 = 0. జవాబులు రెండు, 5, మైనస్ 1. అందరూ మైనస్ ఒకటిని అడ్డంగా కొట్టేసి, "కాలం నెగటివ్ కాదు కాబట్టి" అని రాసి అయిదు కింద గీత గీస్తారు.

కొట్టేసే ముందు దాన్ని ఒక్కసారి నమ్మి చూడండి. రాయి విసరడానికి ఒక సెకను ముందు, నేల దగ్గర. ఆ సమీకరణానికి మేడ మీద మనిషి ఉన్నాడని తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక రాయి, సున్నా సెకన్ల దగ్గర 25 మీటర్ల ఎత్తులో, 20 వేగంతో పైకి పోతోందని. అలా పోవాలంటే ఆ రాయి ఒక సెకను కిందట ఎక్కడుండాలి? నేల మీద, 30 వేగంతో బయల్దేరుతూ. లెక్క కట్టి చూడండి, 30తో విసిరిన రాయి సరిగ్గా ఒక సెకనులో 25 మీటర్లు ఎక్కి, 20 వేగంతో మేడ అంచును దాటిపోతుంది. అయిదో సెకనులో నేలను తాకేటప్పుడు దాని వేగం కూడా 30 మీటర్లే, కిందికి.